ఆన్‌లైన్ పీజీ: ఫీజు కట్టకముందే విచారించండి

డిగ్రీ ముగిశాక ఊరు దాటి వెళ్లే వీలులేని మన ఆడపిల్లలకు, గల్ఫ్‌లో పగలంతా పనిచేసి రాత్రి పుస్తకం పట్టే మన యువకులకు ఆన్‌లైన్ పీజీ ఎంతో ఆసరా అవుతున్నది. దీనిని మనం స్వాగతించాలి. అయితే ప్రతి ప్రకటననూ నమ్మి చేరడం ప్రమాదం.

ఉద్యోగకాలంలో మేము ఎన్నో ధ్రువపత్రాలు పరిశీలించాము. మంచి కాగితం, మెరిసే ముద్ర ఉన్నంత మాత్రాన పట్టా చెల్లదని అక్కడే తెలుసుకున్నాము. తల్లి నగలు తాకట్టు పెట్టి కట్టిన ఫీజు, రెండేళ్ల శ్రమ ఒక్క తిరస్కరణ లేఖతో వృథా కావడం కంటే బాధ ఏముంటుంది?

నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, అనుమతి గల విశ్వవిద్యాలయం ఇచ్చే ఆన్‌లైన్ పట్టా తరగతికి వెళ్లి చదివిన పట్టాతో సమానం. 2022లో యూజీసీ ఈ మాటను మళ్లీ ప్రకటించింది. కానీ ఆ అనుమతి మనం చేరే కోర్సుకూ, చేరే విద్యాసంవత్సరానికీ కూడా ఉండాలి. ఆ జాబితాను యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. న్యాక్ గ్రేడు సంస్థ నాణ్యతను తెలుపుతుందే తప్ప కోర్సుకు అనుమతి ఇవ్వదు. ఫ్రాంచైజీ కేంద్రాల ద్వారా కోర్సులు నడపడం నిషిద్ధం. న్యాయశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్ పట్టాలను ఆన్‌లైన్‌లో ఇస్తామనేవారిని దగ్గరకు రానీయరాదు.

విదేశాల సంగతి వేరు. మన యూజీసీ గుర్తింపు ఇతర దేశాలను కట్టడి చేయదు. అటెస్టేషన్ గానీ అపోస్టిల్ గానీ పట్టా మీది సంతకం, ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతాయి. ఆ చదువు తమ దేశపు పీజీతో సమానమా కాదా అన్నది ఆయా దేశాల అధికారులే తేలుస్తారు. చదువు ఏ పద్ధతిలో సాగిందని కూడా కొన్ని దేశాలు అడుగుతాయి. కనుక వెళ్లదలచిన దేశం నియమాలను ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏజెంటు నోటిమాట అక్కడ అక్కరకు రాదు.

ఈ జాబితాలను తెలుగులో, ఉర్దూలో ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అందుబాటులో ఉంచాలని మనం ప్రభుత్వాలను అడగాలి. సరైన సమాచారం పొందడం మన హక్కు. అంతవరకు ప్రవేశాల రోజుల్లో జుమా నమాజు తరువాత ఒక గంటసేపు ప్రతి మస్జిద్ కమిటీ చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టి, అడిగినవారికి జాబితా చూసిపెట్టాలి. ఆడపిల్లల కోసం చదువుకున్న అక్కచెల్లెళ్లు ముందుకు రావాలి. ఎడారి ఎండలో కష్టపడి పంపిన సొమ్ము మన చేతిలో అమానత్. దానిని కాపాడే బాధ్యత మనందరిదీ.