ఇంతకీ సరుకేమిటి?

ఓడదొంగల కథ అనగానే మన కుర్ర రచయితలు ఒంటికన్ను కెప్టెన్ని, భుజమ్మీద చిలకని సిద్ధం చేసేస్తారు. దొంగరవాణా సరుకేమిటో మాత్రం రాయరు! మన సినిమాల్లో అయితే బంగారు బిస్కెట్లు ఉండనే ఉన్నాయి. మరి 18వ శతాబ్దపు ఇంగ్లండులో? నమ్మండి, టీ ఆకు! పన్ను 100 శాతం దాటితే జనం ఏం చేస్తారు? వుడ్‌ఫర్డ్ అనే పాదిరీగారు, 1777లో ఓ రాత్రి 11 గంటలకి స్మగ్లరు తనకి టీ సంచీ తెచ్చిచ్చాడని డైరీలో నిక్షేపంగా రాసుకున్నారు. 1784లో పన్ను 12.5 శాతానికి దించేసరికి టీ దొంగల వ్యాపారం చతికిలబడింది. తుపాకులు చెయ్యలేని పని సుమండీ!

పాదిరీ అంటే గుర్తొచ్చింది. డాఫ్నే డ్యూ మారియర్ 1936 నాటి నవల ‘జమైకా ఇన్’లో ఓడల్ని రాళ్లకి కొట్టించి దోచే ముఠాకి నాయకుడు సాక్షాత్తూ పాదిరీయే. (చదవనివాళ్లు క్షమించాలి!) 1939లో హిచ్‌కాక్ సినిమా తీసినప్పుడు, మతగురువు విలనైతే హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదని జమీందారుగా మార్చేశారు. ఆ వేషం చార్లెస్ లాటన్‌ది. అంతటి నటుణ్ణి దాచడం ఎవరి తరం? నవల్లో చివరిదాకా ఊరించిన గుట్టు తెరమీద మొదట్లోనే రట్టయింది.