చూసినందుకూ కూలి ఇవ్వాలి

పాత కారు ఆగిన చోట వణకడం మొదలైతే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో జరిగేది దాదాపు ఒకటే. ముందు ప్లగ్గులు మారుస్తారు. తగ్గకపోతే కాయిల్. ఆపైన పెట్రోలు పంపు. చివరికి "ఇంజన్ పని ఉంది" అనే మాట వస్తుంది. ఆ మాట విన్న మనిషి అప్పు తెచ్చి ఇంజన్ విప్పిస్తాడు, లేదా బండిని పాత ఇనుము ధరకు వదిలించుకుంటాడు. ఇంత జరిగినా బండిని ఎవరూ పరీక్షించి ఉండరు. ఊహించి మార్చి ఉంటారు. దీనికి మెకానిక్కులను తిట్టి లాభం లేదు. సామాను బిగిస్తే డబ్బులిస్తాం, గంటసేపు నిలబడి లోపం వెతికితే రూపాయి ఇవ్వం. అందుకే వాళ్లు సామాను బిగించి బతుకుతున్నారు. మారాల్సింది ఈ లెక్క.

నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేరి అక్కడే రిటైరైన మనిషిని. డ్యూటీ దిగే డ్రైవరు బస్సులో తనకు తెలిసిన లోపాన్ని లాగ్‌షీటులో రాసేవాడు. మేం చూసింది, చేసింది దాని కింద రాసేవాళ్లం. స్టోర్స్‌లో పాత సామాను అప్పజెప్పి, ఎందుకు పోయిందో చెబితేనే కొత్తది చేతికొచ్చేది. అవి డీజిల్ బస్సులు, ఇవి పెట్రోలు కార్లు. అయినా క్రమం మారదు: ముందు అడగాలి, తర్వాత చూడాలి, ఆ తర్వాతే స్పానర్ పట్టాలి.

మన దగ్గర పాత కారు సరదా కోసం ఉంచుకున్నది కాదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800, దాని తోటి ఆల్టో, జెన్, వ్యాగనార్, శాంత్రో బళ్లు హైదరాబాదులో ఒకరిద్దరి చేతులు మారి ఇటు వస్తాయి. అయిజ, గట్టు వైపు విత్తన పత్తి వేసే రైతు, అచ్చంపేట నుంచి పై ఊరి బడికి పోయే టీచరు, పెబ్బేరు సంతకు సరుకు వేసుకొచ్చే చిన్న వ్యాపారి, వీళ్లవి ఆ బళ్లు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకునే ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 5,000 రూపాయలు అయింది. అది కట్టి మరీ బండిని ఉంచుకున్నాడంటే కొత్తది కొనే స్తోమత లేకనే. అలాంటివాడి జేబులోంచి అవసరం లేని కాయిల్ ఖరీదు పోతుంటే నాకు కడుపు మండుతుంది.

ఆగినప్పుడే ఎందుకు వణుకుతుందో కాస్త చెప్పాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినప్పుడు ఇంజన్ నిమిషానికి 800, 900 సార్లు మాత్రమే తిరుగుతుంది. గాలి వెళ్లే దారిలో ఉన్న త్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు మాత్రం లాగుతూనే ఉంటాయి కాబట్టి మ్యానిఫోల్డ్ లోపల గాలి ఒత్తిడి బయటి కంటే బాగా పడిపోతుంది. ఆ స్థితిలో ఏ రబ్బరు పైపుకు చిన్న పగులున్నా లెక్కలో లేని గాలి దూరి మిశ్రమం పాడవుతుంది. అదే బండి అరవైలో పోతున్నప్పుడు త్రాటిల్ తెరుచుకుని గాలి బోలెడంత వెళ్తుంది, ఆ కాస్త దొంగగాలి లెక్కకు రాదు. అందుకే ఆగినప్పుడు వణికి, పరుగులో బాగుంటే గాలి పైపుల వైపు చూడాలి. రెండు చోట్లా కొడుతుంటే నిప్పురవ్వ, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు చూడాలి. ఈ ఒక్క ప్రశ్నతోనే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. అడిగేవాడేడీ?

పెబ్బేరు పక్క ఊళ్లో వేరుశనగ కొని అమ్మే ఒకాయన ఎవరో చెబితే మా ఇంటికొచ్చాడు. బండి 2005 వ్యాగనార్.

"నిలబెడితే ఊగుతది సార్. రైజింగ్ దానంతటదే పెరుగుతది, దానంతటదే తగ్గుతది."

"నడుస్తున్నప్పుడు?"

"హైవే మీద మంచిగనే పోతది."

"బ్రేకు ఎట్లుంది?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "ఈ మధ్య కాలు గట్టిగ పెట్టాల్సొస్తున్నది సార్. మీకెట్ల తెలుసు?"

జేబులోంచి బిల్లులు తీశాడు. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, కాయిల్, పెట్రోలు ఫిల్టర్. ఏ పరీక్ష చేసి మార్చారో ఒక్క బిల్లులోనూ లేదు. బానెట్ ఎత్తితే మ్యానిఫోల్డ్ నుంచి బ్రేకు బూస్టర్‌కు పోయే లావు పైపు అడుగున ఎలుక కొరికిన గాటు కనబడింది. బండిని రాత్రిళ్లు కాయల గోదాములో పెడతాడట. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో వేరుశనగ పొట్టు కూడా ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపును మ్యానిఫోల్డ్ దగ్గర బట్ట చుట్టిన ప్లయర్‌తో నొక్కి పట్టుకున్నాను. వణుకు ఆగిపోయింది. వదిలితే మళ్లీ మొదలు. పరీక్ష అంతే. అంతకు ముందు మార్చిన సామాను మొత్తం ఖర్చులో ఆ పైపు ధర చిన్న ముక్క.

డబ్బు సంగతి అటుంచండి. బ్రేకుకు సాయపడే లాగుడు కూడా ఆ పైపులోంచే అందుతుంది కాబట్టి ఆ వణుకు ఆయనకు బ్రేకు గురించి హెచ్చరిక చెబుతోంది. అదే బండితో పెళ్లాం పిల్లలను ఎక్కించుకుని మన్ననూరు మీదుగా శ్రీశైలం పోతూ, దోమలపెంట దాటాక కృష్ణ వైపు ఘాట్ దిగితే ఏమయ్యేదో! కొత్త కాయిల్ బిగించి పంపినవాడు ఆ ప్రమాదాన్ని అలాగే వదిలేసి పంపాడు.

వణుకులన్నీ గాలివే కావు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే వణికి, వేడెక్కాక సర్దుకుంటే ఉష్ణోగ్రత సెన్సర్‌నో ఐడిల్ వాల్వ్‌నో అనుమానించాలి. ఏసీ వేస్తేనే కుంగితే ఏసీ బరువుకు తగ్గట్టు రైజింగ్ పెంచాల్సిన వాల్వ్ మసి పట్టి ఉండొచ్చు. మన ఎర్రదుమ్ము రోడ్ల మీద ఫిల్టర్ సరిగా లేని బండికి త్రాటిల్ బాడీ తొందరగా పాడవుతుంది, శుభ్రం చేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. ఇంజన్ నిలకడగానే తిరుగుతూ సీటు, స్టీరింగ్ మాత్రం అదురుతుంటే మౌంటింగ్ రబ్బర్లు చూడాలి. వాటి కోసం ఇంజన్ విప్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మూడు సిలిండర్ల 800లో, ఆల్టోలో ఒక్క సిలిండర్ ఆగితే బలం మూడో వంతు పోతుంది, అందుకే ఆ బళ్లు అంత గట్టిగా ఊగుతాయి. ఏది ఆగిందో తెలుసుకోవడానికి ఇంజెక్టర్ కనెక్టర్‌ను ఒక్కొక్కటిగా తీసి చూస్తే చాలు. దేన్ని తీస్తే మార్పు రాదో పని చేయనిది అదే. దాని ప్లగ్గు విప్పి రంగు చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది, నల్లటి మసి అయితే పెట్రోలు ఎక్కువ, నూనె తడి అయితే లోపల ఆయిల్ కాలుతోంది. ఆ తర్వాత కంప్రెషన్ గేజ్. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు. "ఇంజన్ పని ఉంది" అనే మాట ఈ కొలత చూపించాకే నోట్లోంచి రావాలి.

ఒక జాగ్రత్త. గాలి ఎక్కడ లాగుతోందో చూడటానికి వేడి మ్యానిఫోల్డ్ మీద పెట్రోలు చిలకరించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. దయచేసి మానండి. నిప్పంటుకుంటుంది. సన్నగా నీళ్లు చిలకరించినా శబ్దంలో మార్పు తెలుస్తుంది.

2013 తర్వాత వచ్చిన కార్లకు ఓబీడీ-2 ఉంది. కాబట్టి స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. కుర్ర మెకానిక్కులు ఇప్పుడు చిన్న స్కానర్లు కొంటున్నారు, సంతోషమే. కానీ రెండో సిలిండర్ మిస్ అవుతోందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది చెప్పదు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న బండిలో రెండో కాయిల్‌ను మూడోదాని మీద పెట్టి చూడండి. మిస్సింగ్ కూడా మూడోదానికి మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే కాయిల్ బాగున్నట్టు. రూపాయి ఖర్చు లేని పరీక్ష అది.

ఇంకో పరికరం మన ఊళ్లలోనే ఉంది, ఎవరూ వాడుకోవడం లేదు. పొల్యూషన్ చెకింగ్ యంత్రం. పెట్రోలు కార్లను అది ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు కొలుస్తుంది. సర్టిఫికెట్ మీద కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ల అంకె ఉంటాయి. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్లకు ఆ పరిమితులు 0.5 శాతం, 750 పీపీఎం. మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు పెరిగితే పెట్రోలు కాలకుండానే బయటికొస్తోంది, అంటే మిస్సింగ్, లేదా దొంగగాలి. నిజంగా గొట్టం పెట్టి కొలిస్తే ఆ కాగితం సగం రోగం చెబుతుంది. గొట్టం పెట్టకుండా ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోకండి. డబ్బులిచ్చింది కొలవడానికే.

ఇప్పుడు ఏ బండి వణికినా "ఇథనాల్ పెట్రోలు సార్, ఏం చేస్తాం" అనడం అలవాటైంది. రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025లో రైతులు కొట్లాడారు. అది నేల, నీళ్ల సంగతి. దాన్ని ఇక్కడ కలపను. బండి వరకే చూద్దాం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం 2025లో అందుకుంది. లీటరుకు లీటరు పోలిస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, అది కాలడానికి గాలి కూడా తక్కువ చాలు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి ఆ తేడాను చాలావరకు తనే సర్దుకుంటుంది. కార్బొరేటర్ ఉన్న పాత 800కు ఆ తెలివి లేదు, దాని మిశ్రమం పలచబడి ఐడిలింగ్‌లో కొడుతుంది. వారాల తరబడి కదలని బండి ట్యాంకులో ఇథనాల్ తేమను లాక్కుంటుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు పాడవుతాయి. కొన్ని పాత వాహనాల్లో ఇరవై, ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది చవకైన పనేనని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. చవకే కావచ్చు. కానీ ఏ పైపు మార్చాలో చూసి చెప్పే మనిషి గట్టులో, కొల్లాపూర్‌లో ఎవరు? ఆ మనిషి లేకపోతే చవక పైపు బదులు ఖరీదైన పంపు మారుతుంది. కాబట్టి నిందైనా పరీక్షించి వేయండి. గీతలున్న గాజు గొట్టంలో 80 మిల్లీలీటర్ల పెట్రోలు, 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపి, నిప్పుకు దూరంగా కాసేపు ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగి అడుగు పొర పెరుగుతుంది. 36 దగ్గర ఆగితే 20 శాతం ఉన్నట్టే. అంతకు బాగా ఎక్కువ పెరిగితే బంకు వాళ్లను అడగొచ్చు. లేకపోతే లోపం బండిలోనే వెతకాలి.

ఈ పరీక్షలన్నిటికీ గంట, గంటన్నర పడుతుంది. ఆ గంటకు షెడ్డు అద్దె, కరెంటు, కుర్రాడి జీతం నడుస్తూనే ఉంటాయి. డాక్టరు చూసి "మందు అక్కర్లేదు" అన్నా ఫీజు ఇచ్చి దండం పెట్టి వస్తాం. మెకానిక్ పైపు నొక్కి చూసి "ఇదొక్కటి చాలు" అంటే వందా ఇవ్వబుద్ధి కాదు, "ఏం చేసినవని?" అంటాం. నిజాయితీగా వెతికినవాడు నష్టపోతాడు, నాలుగు సామాన్లు బిగించినవాడు బాగుపడతాడు. ఏ కుర్రాడైనా ఎన్నాళ్లు నిజాయితీగా ఉండగలడు? మూడు వందలో, నాలుగు వందలో పరీక్షకు విడిగా ఇవ్వండి, ముందే మాట్లాడుకుని ఇవ్వండి. ఇచ్చినప్పుడు అడిగే హక్కూ వస్తుంది: ఏం చూశావు, కొలత ఎంత వచ్చింది, బిల్లు మీద రాయి, తీసిన పాత సామాను నా చేతికివ్వు. మెకానిక్కుల సంఘాలు ఈ కూలిని అన్ని షెడ్లలో ఒకే ధరగా బోర్డు మీద రాసి పెడితే పక్క షెడ్డుకు గిరాకీ పోతుందన్న భయమూ ఉండదు.

ఇక చదువు సంగతి. 1959లో రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ మొదలైన ఊరు వనపర్తి. చేతిపనికి చదువు తోడవ్వాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, కరెంటు బళ్ల కోర్సులూ వస్తున్నాయి. రానివ్వండి, కావాలి కూడా. కానీ ఈ పెట్రోలు బళ్లు ఇంకో పదిహేనేళ్లు మన రోడ్ల మీద ఉంటాయి. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడులో చివరి ప్రాక్టికల్ ఇలా పెట్టాలని ఐటీఐలను చూసే శాఖ అధికారులను అడుగుతున్నాను: పరీక్షకుడు ముందే ఒక లోపం పెట్టిన ఇంజన్‌ను నడుస్తుండగా అప్పగించాలి, విడిభాగాల అల్మరాకు తాళం వేయాలి, గేజ్, స్కానర్, ప్లయర్, కాగితం మాత్రమే చేతికివ్వాలి. ఏ సామానూ మార్చకుండా లోపం ఎక్కడుందో, ఏ కొలతతో తెలిసిందో గంటలో రాసిచ్చినవాడికే మార్కులు వేయాలి.