బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? ముందు అడగండి, తర్వాత విప్పండి

కార్ల సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనుకోండి. మీ ఫైల్లో ఆటోమొబైల్ డిప్లొమానో, మెకానికల్ బీటెక్కో, ఐటీఐ మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ సర్టిఫికెటో ఉంది. ఎదురుగా ఉన్న మేనేజర్ మార్కుల జోలికి పోకుండా ఒకే మాట అడుగుతారు: ‘‘కస్టమర్ కారు తెచ్చాడు. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?’’

చాలామంది నోట తడుముకోకుండా వచ్చే జవాబు: ‘‘డిస్క్ బెండ్ అయింది సర్, మార్చేస్తాం.’’

ఈ మాట పూర్తిగా తప్పని కాదు. ముందు డిస్కులనే అనుమానించాలి కూడా. కానీ అది ఊహ మాత్రమే, నిర్ధారణ కాదు. ఈ రెంటికీ ఉన్న తేడాయే ఉద్యోగం వచ్చేవారికీ రానివారికీ మధ్య తేడా. పార్టు పేరు చెప్పగలిగినవాళ్లు బోలెడుమంది. కారణం దాకా వెళ్లగలిగినవాళ్లే తక్కువ.

మరి మంచి జవాబు ఎక్కడ మొదలవుతుంది? స్పానర్‌తో కాదు, ప్రశ్నలతో. వణుకు బ్రేక్ వేసినప్పుడే వస్తోందా, వేయకపోయినా వస్తోందా? బ్రేక్‌తో పనిలేకుండా 80, 100 వేగంలో వస్తుంటే వీల్ బ్యాలెన్సింగ్, టైరు, రిమ్ముల వైపు చూడాలి. బ్రేక్ తొక్కినప్పుడే వస్తుంటే బ్రేకుల వైపు వెళ్లాలి. చేతిలో స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు కింద అదురు తెలిస్తే వెనుక చక్రాలు... ఇది తొలి అంచనా. గట్టిగా సడన్ బ్రేక్ వేసినప్పుడు మాత్రమే పెడల్ టకటకా కొట్టుకుంటే అది ఏబీఎస్ తన పని తాను చేయడమే కావచ్చు. దాన్ని లోపంగా రాసుకుంటే అసలు పనే దారి తప్పుతుంది.

ఇంకా అడగాలి. ‘‘ఈమధ్య టైర్లు విప్పించారా సర్? ప్యాడ్లు ఎప్పుడు మార్చారు? తిరుమలో, శ్రీశైలమో ఘాట్ రోడ్డు దిగారా? బండి చాలా రోజులు ఆగి ఉందా?’’ ఇవి ఊసుపోక అడిగేవి కావు. వీల్ నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్క్ నిటారుగా కూర్చోదు. కొండ దిగుతూ గేరు తగ్గించకుండా బ్రేక్ మీదే కాలు ఉంచితే డిస్కులు బాగా వేడెక్కుతాయి. ఆ వేడి మీద బండి ఆపి బ్రేక్ అలాగే తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట మచ్చలా అంటుకోవచ్చు. నెలల తరబడి ఆగిన బండి డిస్కు మీద, ప్యాడ్ ఆనుకున్న చోట తుప్పు తేడాగా పడుతుంది.

ఇక్కడే క్లాసులో చదివింది అక్కరకొస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. చిన్న కారు చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 1.8 మీటర్లు పోతుంది. అంటే సెకనుకు 12 చుట్లు. డిస్కులో ఒకచోట మందం తేడా ఉంటే బ్రేకు పట్టు సెకనుకు 12 సార్లు పెరిగి తగ్గుతుంది. ఆ లాగుడు టైరాడ్ల మీదుగా స్టీరింగ్‌కు చేరుతుంది. వేగం తగ్గేకొద్దీ వణుకు కూడా నిదానిస్తుంది. వైబ్రేషన్స్ సబ్జెక్టులో ఫ్రీక్వెన్సీ అని మనం బట్టీ పట్టింది ఇదే.

ఆ మందం తేడా ఎంతుంటే వణుకు తెలుస్తుంది? మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులు చాలు. కంటికి కనిపించదు, గోటికి తగలదు. మైక్రోమీటర్‌తో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిస్తేనే బయటపడుతుంది. తర్వాత డయల్ గేజ్ పెట్టి, డిస్కును నట్లతో బిగించి, నెమ్మదిగా తిప్పి రనౌట్ చూడాలి. అంటే డిస్కు తిరుగుతూ పక్కలకు ఎంత ఊగుతోందో కొలవాలన్నమాట. చాలా కార్లలో ఇది 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్లలోపే ఉండాలి. ఇంచుమించు తలవెంట్రుక మందం! కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. డిస్కు కనీస మందం సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది.

అసలు మెలిక ఇప్పుడు చూడండి. హబ్ మీద తుప్పు పేరుకుందనుకుందాం. దాన్ని శుభ్రం చేయకుండా కొత్త డిస్కు బిగించారు. డిస్కు కొంచెం వంకరగా కూర్చుంటుంది. ఆరోజు టెస్ట్ డ్రైవ్‌లో వణుకు ఉండదు. కస్టమర్ సంతోషంగా బిల్లు కట్టి వెళ్తాడు. కానీ ఆ వంకర వల్ల ప్రతి చుట్టులోనూ డిస్కు ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుంటుంది, బ్రేక్ వేయనప్పుడు కూడా. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అక్కడ అరిగి మందం తేడా వస్తుంది. వణుకు మళ్లీ మొదలు! ‘‘డిస్కు క్వాలిటీ బాలేదు’’ అని నెపం దానిమీదకు నెట్టేస్తాం. నిజానికి బాగాలేనిది మన నిర్ధారణ. హబ్ ముఖాన్ని శుభ్రం చేసి, రనౌట్ కొలిచి, అవసరమైతే డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి మళ్లీ చూసి, నట్లను ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగించి ఉంటే ఆ బండి మళ్లీ వచ్చేది కాదు.

కాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయా, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, టైరాడ్ ఎండ్‌లలో ఆట ఉందా అన్నదీ చూడాలి. అరిగిన బుష్ చిన్న వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. ఇవేవీ చూడకుండా డిస్కులు మార్చడం జ్వరానికి కారణం తెలుసుకోకుండా మాత్ర వేయడం లాంటిదే.

ఇందులో పోయేది ఎవరి డబ్బు? అద్దె కారు నడుపుకొనే డ్రైవరన్న రెండుసార్లు డిస్కుల బిల్లు కడితే ఆ నెల ఈఎంఐ ఏమవుతుంది? బండి షెడ్డులో ఉన్న రోజుల కిరాయి ఎవరిస్తారు? పైగా ఇది బ్రేకుల వ్యవహారం. పొరపాటు జరిగితే బిల్లుతో పోదు. అందుకే ఆ ఇంటర్వ్యూ ప్రశ్న మీ తెలివినే కాదు, మీ నిజాయతీనీ చూస్తుంది. ‘‘కొలిచి చెప్తాను సర్’’ అనగలిగిన కుర్రాడిని, అమ్మాయిని నమ్మి బండి అప్పగిస్తారు.

మన కాలేజీల బాధ్యతా లేకపోలేదు. డిస్క్ బ్రేక్ బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వేస్తున్నాం. చెడిపోయిన బ్రేకు ముందు పెట్టి ‘ఎందుకు చెడిందో చెప్పు’ అనే ప్రాక్టికల్ ఎన్నిచోట్ల పెడుతున్నాం? మెట్రాలజీ ల్యాబులోని డయల్ గేజ్‌ను పక్క షెడ్డులోని డిస్కు దగ్గరకు తీసుకెళ్లడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

కాలేజీ మారేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఆదివారాలు దగ్గర్లోని షెడ్డుకు వెళ్లండి. ‘‘అన్నా, పక్కన నిలబడి చూస్తా’’ అంటే ఏ మేస్త్రీ ఐనా కాదనడం అరుదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కస్టమర్ చెప్పిన మాట, మీరు అడిగిన ప్రశ్న, కొలిచిన అంకె, తేలిన కారణం, బండి మళ్లీ వచ్చిందా లేదా... ఈ ఐదూ రాయండి. ఇరవై బండ్ల వివరాలున్న ఆ నోట్‌బుక్ రెజ్యూమెలో రాసుకునే ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అనే మాటకన్నా గట్టి సాక్ష్యం. డిప్లొమా, డిగ్రీ అయినవారికి నాట్స్, ఐటీఐ వారికి న్యాప్స్ కింద స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ దారులు ఉన్నాయి. వాటినీ వాడుకోండి. ఒక్క జాగ్రత్త: జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరవద్దు, స్టాండ్లు వేయాల్సిందే. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు.

‘ఎలక్ట్రిక్ కార్లొస్తే ఇవన్నీ ఎందుకు?’ అంటారా? వాటికీ డిస్కులున్నాయి. మోటారే చాలావరకు వేగం తగ్గిస్తుంది కాబట్టి డిస్కులకు పని తగ్గి, తుప్పు సమస్య పెరుగుతుంది. బండి మారినా అడిగే పద్ధతి మారదు.

ఈసారి ఆ ప్రశ్న మీకు ఎదురైతే తొందరపడొద్దు. ‘‘సర్, వణుకు బ్రేక్ వేసినప్పుడే వస్తోందా, ఎప్పుడూ ఉంటోందా?’’ అని తిరిగి అడగండి. ఎదురుగా ఉన్నవారు కుర్చీలో ముందుకు జరిగారంటే ఇంటర్వ్యూ అప్పుడే మొదలైందని లెక్క.