బడి మైదానం తాళం ఎవరి దగ్గరుంది?

శ్రీ నారా లోకేశ్ గారికి,
మానవ వనరుల అభివృద్ధి, ఐటీ శాఖల మంత్రి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

అయ్యా,

బడులూ మీ చేతిలోనే ఉన్నాయి, ఐటీ కూడా మీ చేతిలోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం కలెక్టరు గారికో డీఈవో గారికో కాకుండా మీకే రాస్తున్నాను. కొల్లేటి లంక గ్రామాల్లోనూ ఏలూరు చుట్టుపక్కలా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి.

2026 జనవరిలో దావోస్ వెళ్ళినప్పుడు, పదహారేళ్ళలోపు పిల్లలను సోషల్ మీడియాకు దూరం పెట్టే ఆస్ట్రేలియా చట్టాన్ని పరిశీలిస్తున్నామని మీరు అన్నట్టు పత్రికల్లో చదివాను. ఆ చట్టం అక్కడ 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. కానీ అందులో వీడియో గేములను వదిలేశారు. మా వైపు మగపిల్లల సాయంత్రాలను తినేస్తున్నవి ముందుగా ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ గేములే. ఇన్‌స్టాగ్రామ్ వంతు ఆ తర్వాత. కాబట్టి ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే మా ఊళ్ళలో సగం పని కూడా కాదు.

వీడియో గేములు పిల్లలకు మంచివా, చెడ్డవా అని అందరూ అడుగుతారు. 2020 ఆగస్టు ఒక్క నెలే చూడండి. ద్వారకా తిరుమల మండలంలో పదహారేళ్ళ కుర్రాడు తిండీ నీళ్ళూ మానేసి పబ్జీ ఆడుతూ నీరసించిపోయాడని, ఏలూరు ఆస్పత్రికి తెచ్చినా దక్కలేదని పత్రికలు రాశాయి. అదే నెలాఖరులో, మా కొల్లేటికి ఆ పక్కనున్న గుడివాడలో పుట్టిన కోనేరు హంపి స్క్రీన్ ముందు కూర్చుని ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ సెమీఫైనల్లో పోలండ్ మీద టైబ్రేక్ గెలిచి, మన జట్టును ఫైనల్‌కు చేర్చింది. ఫైనల్లో మనవాళ్ళు రష్యాతో కలిసి సంయుక్త విజేతలయ్యారు. రెండూ కరోనా రోజులే, రెండూ స్క్రీన్ మీద ఆటలే. చెస్సూ పబ్జీ ఒకటేనా అంటారేమో. కాదు. చెస్ ఆడేవాళ్ళకు నేర్పే కోచ్ ఉంటాడు, ఆటకు ఒక వేళ ఉంటుంది, గడియారం ఆగితే లేచిపోతారు. ఆ కుర్రాడి ఆటకు వేళా లేదు, చాలించమనే గంటా లేదు.

తుపాకుల ఆటలాడితే పిల్లలు రౌడీలైపోతారని స్టాఫ్‌రూముల్లో చాలాసార్లు విన్నాను. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో హింసాత్మక గేములకూ పిల్లల దుడుకుతనానికీ సంబంధం కనిపించలేదు. నా అనుభవమూ అదే. నేను చూసిన కొట్లాటలు ఎక్కువగా కబడ్డీ కోర్టులోనే జరిగాయి, ఫోన్లలో కాదు. అలాగని ఇబ్బంది లేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను తన జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడాడన్న లెక్క అందులో లేదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం తెలిసినా మానలేకపోవడం, ఇదంతా సుమారు ఏడాది పాటు సాగడం చూస్తారు. అంటే ఆదివారం నాలుగు గంటలు ఆడిన ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ఈ తేడా తెలియక తండ్రులు కొడతారు, తల్లులు ఏడుస్తారు.

కైకలూరు దాటాక ఏ చేపల చెరువు గట్టు మీదికైనా సాయంత్రం ఐదున్నరకు వెళ్ళి చూడండి. మోటారు షెడ్డు పక్కన తవుడు బస్తాల మీద నలుగురు పిల్లలు, ఒకడి హాట్‌స్పాట్ మీద అందరి ఫోన్లు. ‘ఒరేయ్ రివైవ్ ఇవ్వరా’, ‘జోన్ వచ్చేస్తోంది, పరిగెత్తు’ అంటూ కేకలు. పరిగెత్తేవి బొటనవేళ్ళే. తవుడు అంటి వేలు జారకపోతే నిక్కరుకు తుడుచుకుని మళ్ళీ కాలుస్తాడు. వాళ్ళలో ఒకణ్ణి నేనెరుగుదును. క్లాసులో పేరు అడిగినా తల దించుకునేవాడు, ఇక్కడ వచ్చీరాని హిందీలో ఎక్కడో భోపాల్ కుర్రాడికి హుకుం జారీ చేస్తున్నాడు, వాడు వింటున్నాడు కూడా! ఆ పిల్లవాడి చేతిలో ఫోన్ లాక్కోవాలంటే నాకు మనసొప్పదు.

ఒకసారి ఒక తల్లిని అడిగాను, ఇంత చిన్నవాడికి ఫోన్ ఎందుకిచ్చావమ్మా అని. “బయటికి పంపితే చుట్టూ చెరువులేనండి మాస్టారూ. ఫోనైతే పిల్లోణ్ణి మింగదు కదండీ,” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా తరం కొల్లేటి నీళ్ళలోనే ఈత నేర్చుకుంది. ఇప్పటి చేపల చెరువు అలాంటిది కాదు. నిటారు గట్లు, అడుగున బురద, కొన్నిచోట్ల ఏరియేటర్ల కరెంటు తీగలు. తల్లిదండ్రులిద్దరూ తెల్లవారుజామునే చేపల పట్టుబడికి పోతారు. ఇక వానాకాలమైతే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదే నీళ్ళు పారాయి. అన్ని రోజులు పిల్లలకు ఇంట్లో ఉన్న ఆట ఫోనొక్కటే.

నిషేధాల సంగతి మీకు తెలియనిది కాదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీని ఆపారు, 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. పిల్లలు ఒక్క పూట కూడా బెంగపెట్టుకోలేదు. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ళలోపు వాళ్ళు అర్ధరాత్రి తర్వాత ఆన్‌లైన్ గేములు ఆడకుండా చట్టం చేసి, పదేళ్ళకే ఎత్తేసుకుంది. చైనా 2021లో వారానికి మూడు గంటలే అని గిరి గీసింది. అంత నిఘా పెట్టగల సర్కారు మనది కాదు, కావాలనీ నేను కోరను.

చట్టం చేయదగ్గ చోటు మాత్రం ఒకటుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. రమ్మీ యాప్‌లకు కొంపలు అమ్ముకున్నవాళ్ళున్నారు కాబట్టి మంచిదే. కానీ ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో డైమండ్లు కొని, డబ్బా తెరిస్తే ఏ తుపాకీ స్కిన్ వస్తుందో తెలియని ఆటను ఏమనాలి? మా సంక్రాంతి బరుల పక్కన టెంట్ల కింద గుండాట ఆడించేవాళ్ళు చేసేదీ ఇదే. వాళ్ళ దగ్గరికైతే పోలీసులు అప్పుడప్పుడైనా వస్తారు. నాన్న ఫోన్‌పే పిన్ తెలిసిన ఏడో తరగతి పిల్లవాడి దగ్గరికి ఎవరూ రారు. (కోళ్ళ మీద లక్షలు కాసి, పండగ మర్నాడు కొడుకును ‘గేముల పిచ్చోడా’ అని తిట్టే పెద్దమనుషులు మా జిల్లాలో కొల్లలు. ఆ సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.) బెల్జియం 2018లోనే ఇలాంటి డబ్బాలను జూదం కింద లెక్కకట్టింది. మన రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కేంద్రంతో మాట్లాడినా, మన సొంత చట్టం సవరించినా, పిల్లలకు ఈ అదృష్టపు డబ్బాలు అమ్మకుండా చూడండి. ఆట ఆడనివ్వండి, జూదం తీసేయండి.

రెండో కోరిక డబ్బు పెద్దగా అక్కర్లేనిది. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక పూట ఇలాంటి పిల్లల కోసం మానసిక వైద్యుణ్ణి కూర్చోబెట్టండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారని మా ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ. ఆ నెంబరు ప్రతి బడి గోడ మీదా పెద్దక్షరాలతో రాయించండి.

మూడో కోరిక. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అక్కడ ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో గేములు ఆడనివాడు దొరకడు, వాటిని తయారు చేయగలిగినవాళ్ళూ కొందరుంటారు. శనివారాల్లో వాళ్ళను పది హైస్కూళ్ళకు పంపండి. చిన్న గేమ్ ఎలా తయారవుతుందో చూపించాలి. ‘ఇంకొక్క మ్యాచ్’ అనిపించడానికి ఏ లెవెల్ దగ్గర ఏ బహుమతి ఎందుకు పెడతారో విప్పి చెప్పాలి. ఆ కిటుకు తెలిసినవాణ్ణి మోసం చేయడం కష్టం. పదిమందిలో ఒకడు రేపు గేములు చేసి బతికినా బతుకుతాడు.

ఇక నా సొంత వృత్తి సంగతి. బడి నాలుగున్నరకో ఐదుకో వదిలేస్తారు. గేటుకు తాళం పడుతుంది. పిల్లవాడు ఫోన్ పట్టుకునేది సరిగ్గా ఆ వేళే. కొల్లేటి ఊళ్ళలో నీళ్ళు లేని చదును నేల అంటే చాలాచోట్ల బడి మైదానమే. దాన్ని రాత్రి ఏడున్నర దాకా తెరిచి ఉంచండి. రెండు లైట్లు, ఒక వాలీబాల్ నెట్టు, చూసుకోవడానికి గౌరవ వేతనం మీద ఊళ్ళోని ఒక యువకుడు చాలు. మండలానికి ఒకచోటైనా లోతు తెలిసిన కొలనులో ఈత నేర్పించండి, ఆడపిల్లలకు వేరే వేళ పెట్టి. ఈత వచ్చిన పిల్లవాణ్ణి బయటికి పంపడానికి తల్లికి భయం తగ్గుతుంది. అప్పుడు కూడా వాడు ఇంటికొచ్చి ఒక గంట ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడుకుంటే ఆడుకోనివ్వండి.

ఈసారి మా వైపు పర్యటనకు వచ్చినప్పుడు బడి వేళలో రావద్దు. ఆ వేళకు ముగ్గులూ, పూలదండలూ, నేర్పించి పెట్టిన జవాబులూ ఉంటాయి. సాయంత్రం ఐదున్నరకు ముందు చెప్పకుండా ఏదో ఒక లంక గ్రామానికి రండి. మైదానం గేటు తాళం ఎవరి దగ్గరుందో అడిగి, అది వచ్చేదాకా అక్కడే నిలబడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఏలూరు.