98 శాతం వస్తే నిద్రపట్టని వాళ్లు

రెండేళ్ల క్రితం ఆఫీసులో నేనొక మోడల్ తయారు చేశాను. ఏ కస్టమర్ మా సర్వీసు మానేయబోతున్నాడో ముందే కనిపెట్టడం దాని పని. టెస్ట్ చేస్తే 98 శాతం కరెక్ట్. మా మేనేజర్ ఆ అంకెని స్లైడ్ మీద ఇంత పెద్దగా వేశాడు. సాయంత్రం టీమంతా మిర్చి బజ్జీలు, ఇరానీ చాయ్. మూడు వారాల తర్వాత నిజమైన కస్టమర్ల మీద వదిలితే, బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతకంటే బాగానే ఉండేదేమో అనిపించింది.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. డేటాలో 'చివరి కాల్ సారాంశం' అని ఒక కాలమ్ ఉంది. కస్టమర్ మానేశాక కాల్ సెంటర్ వాళ్లు నింపేది అది. అంటే పరీక్షకి ముందే జవాబుల కాగితం మోడల్ చేతిలో పెట్టాం. అది చూసి రాసింది, ఫస్ట్ వచ్చింది. తప్పు దానిది కాదు. 98 చూసి ఒక్క ప్రశ్న కూడా అడగని నాది.

ఆ దెబ్బ తిన్నాకే, కణ భౌతిక శాస్త్రవేత్తలు మెషీన్ లెర్నింగ్‌ని ఎలా వాడతారో చదవడం మొదలుపెట్టాను. టూల్స్ మనవే. పైథాన్, డెసిషన్ ట్రీలు, న్యూరల్ నెట్‌వర్క్‌లు. తేడా ఎక్కడంటే, 98 వస్తే మనం బజ్జీలు తింటాం. వాళ్లకి నిద్ర పట్టదు.

ఎందుకో చెప్పాలంటే ముందు వాళ్ల ఆఫీసు చూడాలి.

స్విట్జర్లాండ్‌లోని జెనీవా పక్కన, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర, భూమికి దాదాపు వంద మీటర్ల కింద 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం. సెర్న్ వాళ్ల లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అదే. అందులో ప్రోటాన్ల గుంపులు సెకనుకి దాదాపు 4 కోట్ల సార్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్ ప్రతిసారీ ఒక ఫొటో తీస్తుంది అనుకోండి. ఒక్కో ఫొటో సుమారు ఒక మెగాబైట్. అంటే సెకనుకి 40 టెరాబైట్లు. 128 జీబీ ఫోన్లు మూడు వందలు తెచ్చినా ఒక్క సెకను డేటాకే నిండిపోతాయి.

అదంతా దాచడం ఎవరి వల్లా కాదు. అందుకే 'ట్రిగర్' అని ఒక వడపోత ఉంటుంది. సీఎంఎస్ అనే డిటెక్టర్‌లో మొదటి వడపోత నిర్ణయం తీసుకోవడానికి ఉన్న టైమ్ దాదాపు 4 మైక్రోసెకన్లు. మీరు కన్ను ఆర్పేలోపు అలాంటి నిర్ణయాలు లక్షల్లో అయిపోతాయి. 4 కోట్లలో లక్ష మిగులుతాయి. రెండో వడపోత తర్వాత కొన్ని వేలు. అవే డిస్క్ మీదికి వెళ్తాయి.

మిగతావి? పోయాయి. రీసైకిల్ బిన్ లేదు, బ్యాకప్ లేదు. మా అమ్మమ్మ చాటలో బియ్యం చెరిగితే ఎగిరి పడిన నూకల్ని కోళ్లయినా తింటాయి, పొరపాటున గింజ పడితే ఏరుకోవచ్చు. ఇక్కడ పడిపోయింది ఎవరికీ దొరకదు. అందులో ఇంతవరకు ఎవరూ చూడని కణం ఉన్నా సరే.

ఇలా దాచుకున్న దాంట్లో అసలు సరుకెంత? హిగ్స్ బోసాన్ సంగతే తీసుకోండి. సుమారు వంద కోట్ల ఢీలకి ఒక్కటి పుడుతుంది. పుట్టిన మరుక్షణమే విడిపోతుంది. అది రెండు కాంతి కణాలుగా విడిపోవడం చాలా స్పష్టంగా కనిపించే దారి, కానీ వెయ్యి హిగ్స్‌లలో రెండే ఆ దారిలో వెళ్తాయి. ఇంకోపక్క, హిగ్స్ లేకుండానే రెండు కాంతి కణాలు వచ్చే సందర్భాలు కోకొల్లలు. వీటిలోంచి వాటిని వేరు చేయడమే మెషీన్ లెర్నింగ్ పని. 2012 జులై 4న హిగ్స్ దొరికిందని ప్రకటించినప్పుడు సీఎంఎస్ చేసిన రెండు కాంతి కణాల వెతుకులాటలో డెసిషన్ ట్రీలు పనిచేశాయి. చాట్ బాట్‌లు మన ఫోన్లలోకి రాకముందు మాట ఇది.

ఇప్పుడు నా 98 శాతం కథకి అక్కడి వెర్షన్ వినండి.

మోడల్‌కి ట్రైనింగ్ ఇవ్వాలంటే 'ఇది హిగ్స్, ఇది కాదు' అని లేబుల్ ఉన్న డేటా కావాలి. నిజం డేటాకి లేబుల్స్ ఉండవు కదా. అందుకని కంప్యూటర్లో కోట్ల ఢీలని సిమ్యులేట్ చేస్తారు. హిగ్స్ ద్రవ్యరాశి దాదాపు 125 జీఈవీ, అంటే ప్రోటాన్‌కి 130 రెట్లకు పైనే. సిమ్యులేషన్‌లో హిగ్స్‌లన్నీ ఆ అంకె చుట్టూనే ఉంటాయి. తెలివైన మోడల్ ఏం చేస్తుంది? ఫిజిక్స్ నేర్చుకోదు. '125 దగ్గరుంటే హిగ్స్' అని బట్టీ పడుతుంది. దాన్ని నిజం డేటా మీద వదిలితే 125 దగ్గరున్న చెత్తనంతా ఏరి తెస్తుంది. గ్రాఫ్ గీస్తే అక్కడ చక్కటి గుట్ట. లేని కణం ప్రత్యక్షం!

సరే, ద్రవ్యరాశి కాలమ్ తీసేద్దాం అంటారా? శక్తులు, కోణాలు ఉన్నాయి కదా, వాటిలోంచి అది లెక్క కట్టేసుకుంటుంది. 2016లో గిల్ లూప్, మైకేల్ కేగన్, కైల్ క్రాన్‌మర్ దీనికొక ఉపాయం రాశారు. మొదటి మోడల్ మీద రెండో మోడల్‌ని కాపలా పెట్టడం. మొదటిది ఇచ్చిన స్కోరు చూసి రెండోది ద్రవ్యరాశి లాంటి దాచాల్సిన విషయాన్ని ఊహించడానికి ప్రయత్నిస్తుంది. ఊహించగలిగిందంటే మొదటిది కాపీ కొట్టినట్టే, దానికి మార్కులు కోత. కాపలావాడు చేతులెత్తేసేదాకా ట్రైనింగ్ నడుస్తుంది. దీనివల్ల మోడల్ స్కోరు తగ్గొచ్చు. తెలిసే తగ్గించుకుంటారు. నమ్మకం కోసం మార్కులు వదులుకోవడం మా స్ప్రింట్ రివ్యూల్లో నేను ఒక్కసారీ చూడలేదు.

అంతటితో అయిపోదు. పద్ధతి మొత్తం ఖరారయ్యేదాకా, కణం కనపడొచ్చనుకునే భాగాన్ని తమకి తామే దాచేసుకుంటారు. కళ్లకి గంతలు కట్టుకుని పనిచేయడం. ముందే చూస్తే, తెలియకుండానే మనకి కావలసిన జవాబు వచ్చేలా కోడ్ మారుస్తాం అని వాళ్లకి తెలుసు. ఆ తర్వాత సొంత టీమ్‌లోనే వేరేవాళ్లు నెలల తరబడి తప్పులు వెతుకుతారు. ఇదంతా దాటినా, కేవలం అదృష్టం వల్ల అలాంటి గుట్ట కనపడే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి అని తేలితేనే 'కనుక్కున్నాం' అంటారు.

ఇంత చాదస్తం ఎందుకంటే, 2015 డిసెంబర్‌లో రెండు డిటెక్టర్లూ 750 జీఈవీ దగ్గర చిన్న గుట్ట చూశాయి. ఐదొందలకి పైగా సిద్ధాంత పత్రాలు వచ్చిపడ్డాయి. 2016 ఆగస్టులో ఇంకా ఎక్కువ డేటాతో చూస్తే గుట్ట లేదు. అది మెషీన్ లెర్నింగ్ తప్పు కూడా కాదు, వట్టి యాదృచ్ఛికం. కానీ ప్రయోగం చేసినవాళ్లు 'కణం దొరికింది' అని ఒక్కసారీ అనలేదు. అందుకే వెనక్కి తీసుకోవాల్సిన మాట ఏదీ లేకపోయింది.

మరి ఇలా బతికే వాళ్ల జీవితం? పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఆ పైన రెండు మూడేళ్ల కాంట్రాక్టులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి. మెషీన్ నడుస్తున్నన్నాళ్లూ కంట్రోల్ రూమ్‌లో రాత్రి షిఫ్టులు. పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువ, చాలామంది చివరికి మన ఐటీ వైపే వచ్చేస్తారు. పేరు కూడా పెద్దగా రాదు. 2015లో హిగ్స్ ద్రవ్యరాశి మీద వచ్చిన పత్రానికి రచయితలు 5,154 మంది. అందులో మీ పేరు ఎక్కడుందో మీ అమ్మకి చూపించాలన్నా వెతుక్కోవాలి.

మనకి వాళ్ల బాకీ మాత్రం ఉంది. 2014లో కాగుల్‌లో హిగ్స్ డేటా మీద ఒక పోటీ పెట్టారు. 1,785 టీమ్‌లు ఆడాయి. గెలిచింది ఫిజిక్స్ ప్రొఫెసర్ కాదు, గాబర్ మెలిష్ అనే హంగరీ సాఫ్ట్‌వేర్ మనిషి. ప్రత్యేక బహుమతి అందుకున్న టీమ్‌లో తియాంచీ చెన్ ఉన్నాడు. అతని టూల్ పేరు ఎక్స్‌జీబూస్ట్. డేటా సైన్స్ ఇంటర్వ్యూకి మీరు చదువుతున్నది అదే. దానికి బయటి ప్రపంచంలో పేరు తెచ్చిన తొలి వేదికల్లో ఈ పోటీ ఒకటి. నా 98 శాతం మోడల్ కూడా దాంతో చేసిందే. టూల్ తెచ్చుకున్నాను, అలవాటు తెచ్చుకోలేదు.

ఇప్పుడు వాళ్లని వేధిస్తున్న ప్రశ్న ఇంకా పెద్దది. ట్రిగర్ మనం వెతకమన్నదే వెతుకుతుంది. మనం ఊహించనిది వస్తే? సీఎంఎస్‌లో 2024 నుంచి మొదటి వడపోతలోనే ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పనిచేస్తోంది. ఆక్సోలోటల్ అనే నీటి జీవి పేరే దానికీ పెట్టారు. దానికి ఏ కణం గురించీ చెప్పలేదు. ఏరకుండా తీసిన మామూలు ఢీలు చూపించి, 'రోజూ ఉండేది ఇది, దీనికి భిన్నంగా ఏది కనిపించినా దాచు' అన్నారు. చాటలోంచి ఎగిరిపోయేదాన్ని పట్టుకునే చెయ్యి అన్నమాట. అది దాచినదాంట్లో కొత్త కణమే ఉంటుందా, డిటెక్టర్‌లో ఏదో లోపమే బయటపడుతుందా అన్నది మళ్లీ మనుషులే కూర్చుని తేల్చాలి.

మొన్న శనివారం రాత్రి సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ తెరిచాను. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మ్యూవాన్ జంటల డేటా తీసుకుని, నాలుగు లైన్ల కోడ్‌తో గ్రాఫ్ గీశాను. 91 జీఈవీ దగ్గర నిటారుగా ఒక శిఖరం లేచింది. జెడ్ బోసాన్. 1983లో సెర్న్‌లోనే కనుక్కున్న కణం, మా రూమ్‌లో, నా పాత ల్యాప్‌టాప్ మీద. అరవాలనిపించింది.

అరవలేదు. ఆ శిఖరం నిజంగా డేటాలో ఉందా, నా కోడ్ తెచ్చిపెట్టిందా అని ముందు ఫిల్టర్లన్నీ ఒక్కొక్కటే తీసేసి మళ్లీ గీశాను. మూడుసార్లు. అప్పటికి తెల్లవారుజామున రెండయింది. శిఖరం అక్కడే ఉంది. అప్పుడు వెళ్లి టీ పెట్టుకున్నాను.