పెట్టె నిండా చానళ్లు... పట్టిక మాత్రం ఇంగ్లీషులో!

తిరువూరు: రాత్రి అన్నాలు తిని వసారాలో టి.వి. ముందు కూర్చున్న పెద్దాయన చేతికి రిమోటు ఇచ్చి, "తొమ్మిదింటి వార్తలు ఎందులో వస్తాయో చూడు తాతయ్యా" అంటే ఆయన ఏం చేస్తాడు? రిమోటు మీద 'గైడ్' అనే మీట ఒకటి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసి నొక్కినా తెర మీద పరుచుకునేవి గళ్లు, ఆ గళ్లలో ఇంగ్లీషు అక్షరాలు. పేపరు గడగడా చదివే మనిషి కూడా అక్కడ నిరక్షరాస్యుడే. చివరికి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతాడు. వార్తలు దొరికేసరికి అవి కాస్తా అయిపోయి సబ్బుల ప్రకటనలు వస్తుంటాయి.

వినడానికి ఇది నవ్వులాటగా ఉండవచ్చు. కానీ నెల తిరిగేసరికి డబ్బు కట్టేది ఆ పెద్దాయనే. ఆ డబ్బులో ఈ పట్టిక ఖర్చూ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు ఎన్.టి.ఆర్. జిల్లా అతలాకుతలమై, బుడమేరు విజయవాడను ముంచిన రోజుల్లో టి.వి. వార్తలు కాలక్షేపం కాదు. కట్టలేరు, పడమటి వాగు పొంగితే దారులు తెగిపోయే ఊళ్లలో, ఏ నంబరులో ఏం వస్తుందో తెలియడం అవసరం కిందికే వస్తుంది.

ఒకప్పుడు ఈ బెడద లేదు

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. అప్పటి నుంచి పంచాయతీ రేడియో దగ్గర గుమిగూడిన వాళ్లకు పట్టికతో పనిలేకపోయింది. వేళ తెలుసు, స్టేషను ఒక్కటే. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అదీ ఒక్క చానలే. ఆ రోజు ఏమొస్తుందో దినపత్రికలో ఒక మూల చిన్న అక్షరాలతో అచ్చయ్యేది. టీ కొట్టులో ఒకరు చదివితే నలుగురు వినేవారు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చి చానళ్లు పెరిగాక కూడా ఆ మూల చాలాకాలం సరిపోయింది. కేబుల్ తీగ నేరుగా టి.వి.కి తగిలించిన రోజుల్లో చానళ్లు కొన్ని పదులే. ఏది ఎక్కడుందో పిల్లలకు నోటికి వచ్చు.

కేబుల్ చట్టాన్ని 2011లో సవరించి, ప్రసారాలన్నీ డిజిటల్ పెట్టె ద్వారానే రావాలన్నారు. మహానగరాలతో మొదలై, పల్లెల వంతు వచ్చేసరికి గడువు 2017 మార్చి 31 అయింది. పెట్టె వచ్చింది, చానళ్లు వందల్లోకి పోయాయి. పేపరులో ఆ మూల చాలదు కాబట్టి పట్టికను తెర మీదికే తెచ్చారు. ఆలోచన మంచిదే. మన ఊరికి వచ్చేసరికి అది కుంటుతోంది.

గంటలు ఎందుకు తప్పుతున్నాయి?

ఈ పట్టిక బొమ్మతో పాటే తీగలో వస్తుంది. చానలు వాళ్లు తమ కార్యక్రమాల వివరం ఇవ్వాలి. దాన్ని ప్రసార కేంద్రంలో సంకేతానికి జోడించాలి. పెట్టె దాన్ని విప్పి చూపించాలి. మూడు చోట్లలో ఏ ఒక్కచోట అశ్రద్ధ జరిగినా మన గడి ఖాళీ. చానలు వాళ్లు ఆఖరు నిమిషంలో సినిమా మార్చి ఆ సంగతి కిందికి చెప్పకపోతే, పట్టికలో ఒకటి, తెర మీద మరొకటి. ఈ రచయిత ఇంట్లో ఒక పండగ పూట జరిగింది ఇదే. పట్టిక నమ్మి పొరుగువాళ్లను కూడా పిలిచి కూర్చోబెడితే వచ్చింది వేరే సినిమా. వసూలుకు వచ్చిన కుర్రవాడిని అడిగితే "పైనుంచి అంతే వస్తోంది సార్" అన్నాడు. పాపం, అతను చెప్పింది అబద్ధం కాదు.

ఒక చిన్న కిటుకు మాత్రం పాఠకులు తెలుసుకోవాలి. పట్టికలోని వేళలు గ్రీనిచ్ కాలమానంలో వస్తాయి. పెట్టె వాటికి అయిదున్నర గంటలు కలిపి మన వేళగా చూపాలి. పెట్టెలో ఆ అమరిక చెరిగిపోతే తొమ్మిదింటి వార్తలు మధ్యాహ్నం మూడున్నరకు ఉన్నట్టు కనిపిస్తాయి. కాబట్టి తేడా సరిగ్గా అయిదున్నర గంటలైతే లోపం మన ఇంట్లోనే ఉంది. సెట్టింగులలో టైము జోన్ సరిచేస్తే పోతుంది. తేడా అరగంటో, గంటో అయితే, లేదా వారం రోజులూ గడులు ఖాళీగా ఉంటే లోపం పైన ఉంది. అప్పుడు పెట్టెను ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా లాభం ఉండదు.

తెలుగు అక్షరం ఎక్కడ ఆగింది?

అసలు గొడవ భాష దగ్గరుంది. డిజిటల్ కేబుల్‌కు వాడే ప్రమాణం ఐరోపాలో పుట్టింది. గ్రీకు, రష్యన్, అరబిక్, థాయ్ లిపులకు అందులో విడిగా అక్షరాల పట్టికలు ఉన్నాయి. తెలుగుకు విడి పట్టిక లేదు. అయినా దారి మూసుకుపోలేదు. యూనికోడ్‌లో ఏ లిపినైనా పంపవచ్చునని అదే ప్రమాణం చెబుతోంది. అయితే పెట్టెలో తెలుగు అక్షరాలు ఉండాలి. గుణింతాలు, వత్తులు సరిగా కూర్చే నేర్పు దానికి ఉండాలి. చౌకలో తెచ్చి పంచిన పెట్టెలకు ఆ నేర్పు అబ్బలేదు. చౌక ఫోనులో కూడా తెలుగు చక్కగా కనబడుతున్న ఈ రోజుల్లో అది చేతగాని పని అంటే నమ్మడం కష్టం. అడిగేవాళ్లు లేక చేయలేదంతే.

దాంతో తెలుగు సీరియలు పేరు, తెలుగు సినిమా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ చోటు చాలక సగం తెగి కనిపిస్తుంది. కళ్లు మసకబారిన ముసలివాళ్లు ఆ సన్నని అక్షరాలు చదవాలంటే మరీ కష్టం. అమెరికాలో చూపులేని వాళ్ల కోసం ఈ పట్టికను పెట్టె పైకి చదివి వినిపించాలని నియమం పెట్టి 2016 డిసెంబరు నుంచి అమలు చేశారు. మనం అంత దూరం పోవడం లేదు. మన అక్షరాల్లో చూపమంటున్నాం.

చట్టం ఏమంటోంది?

టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2017 నిబంధనల్లో ఈ పట్టిక గురించి స్పష్టంగానే రాశారు. వార్తలు, సినిమాలు, భక్తి, పిల్లలు, క్రీడలు ఇలా రకాల వారీగా చానళ్లను ఒకచోట వరుసగా పేర్చాలి. ఒక్కో రకంలో ఒక భాష చానళ్లన్నీ పక్కపక్కన ఉండాలి. ఒక చానలు ఒక్క చోటే కనిపించాలి. ఇచ్చిన నంబరును, ఆ చానలు ఆగిపోతేనో రకం మారితేనో తప్ప, కనీసం ఏడాది పాటు మార్చకూడదు.

చూడటానికి బాగానే ఉంది. కానీ ఈ క్రమం ఢిల్లీలో అన్ని భాషలూ కలిపి చూసే వారికి అనుకూలం. ముందు రకం, తర్వాత భాష అన్నారు. తెలుగు తప్ప మరొకటి చూడని ఇంట్లో తెలుగు వార్తలు ఒక వందలో, తెలుగు సినిమాలు ఇంకో వందలో, భక్తి మరో వందలో పడతాయి. మధ్యలో మనకు రాని భాషలన్నీ దాటుకుంటూ పోవాలి. ముందు భాష, తర్వాత రకం అని ఉంటే పల్లెటూరి మనిషికి సగం కష్టం తీరేది. ఇక పట్టిక ఏ లిపిలో ఉండాలన్న మాట ఆ నిబంధనలో లేనే లేదు.

డబ్బు సంగతి కూడా ఇందులోనే ఉంది. 2019లో కొత్త విధానం అమలైనప్పుడు కనెక్షన్ చార్జీ నెలకు 130 రూపాయలు, దానిపై పన్ను మించకూడదన్నారు. 2024 జూలైలో ఆ పరిమితి ఎత్తేశారు. ఎంత తీసుకోవాలో సంస్థలే ప్రకటించుకోవచ్చు. అప్పుడే మరో మంచి మాటా చెప్పారు: కేబుల్ వాళ్లు సొంతంగా నడిపే స్థానిక చానళ్లను పట్టికలో విడి వర్గంగా చూపాలి, ఒక్కోదాని ఎదుట ధర వేయాలి, వద్దనుకునే వీలు కల్పించాలి. అంటే పట్టిక చదవగలిగిన వాడికి దేనికి ఎంత పడుతోందో తెలుస్తుంది. చదవలేని వాడు, అడిగినంతా కట్టి ఊరుకుంటాడు. చానళ్లు ఎంచుకోవడానికి 2020లో ట్రాయ్ ఒక ఫోను యాప్ కూడా తెచ్చింది. దాని పేరు విన్నవాళ్లు మన మండలాల్లో ఎందరున్నారో!

ఎవరిని అడగాలి?

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు తిరువూరు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. కేబుల్ చట్టం కింద కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అధీకృత అధికారులు. కేబుల్‌లో తప్పనిసరిగా ఇవ్వవలసిన దూరదర్శన్ చానళ్లు ఇవ్వకపోతే ఆర్.డి.ఓ. కార్యాలయంలో అర్జీ పెట్టవచ్చు. పట్టిక తప్పులు మాత్రం వారి పరిధిలోకి రావు. అవి ట్రాయ్ నిబంధనలు. ట్రాయ్ ఏమో ఒక్కొక్కరి ఫిర్యాదు విడిగా విచారించదు. పంపిణీ సంస్థ ఫిర్యాదుల నంబరుకు చెప్పుకోవాలి. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్. సీరియలు వేళ తప్పు చూపారని విజయవాడ బస్సెక్కే రైతు ఉంటాడా? ఈ సంగతి పంపిణీ సంస్థలకూ తెలుసు.

పెట్టెలు మారే దాకా కూర్చోనవసరం లేదు. నంబరు ఏడాది దాకా మార్చరాదన్నారు కదా. తెలుగు చానళ్ల పేర్లు, నంబర్లు, ధరలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి వసూలు రసీదుతో పాటు ఇంటింటికీ ఇస్తే ఏడాది పనికొస్తుంది. వెయ్యి కాగితాలు అచ్చువేయడానికి ఒక పెళ్లి శుభలేఖల ఖర్చు కూడా కాదు. ఈ నెల డబ్బుకు కుర్రవాడు వచ్చినప్పుడు వీధిలో నలుగురు కలిసి ఆ కాగితం అడిగితే, అతను పైకి చేరవేయక తప్పదు.

ఈ రచయిత ఇంట్లో పాత క్యాలెండరు వెనుక పన్నెండు నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి టి.వి. పక్క గోడకు తగిలించారు. వార్తలకు, పొద్దున వ్యవసాయ కార్యక్రమానికి ఇప్పుడు అందరూ చూసేది దాన్నే.