నిమ్మకాయ చక్రం కింద కాదు, తుప్పు మీద

దసరా వచ్చిందంటే మా పోర్ట్ బ్లెయిర్ బజారులో నిమ్మకాయలకు గిరాకీ పెరుగుతుంది. (2024 సెప్టెంబరులో మా ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. నోటికి అలవాటైన పాత పేరే వాడుతున్నాను, మన్నించాలి.) బస్సులకు, ఆటోలకు, ఆఖరికి పిల్లల సైకిళ్ళకు కూడా పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి తొక్కిస్తారు. అలా చేస్తే ప్రమాదాలు జరగవట!

ఆ నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉంది. దానికి తుప్పును కరిగించే గుణం ఉంది. చక్రం కింద పెట్టి నలిపేస్తే బండికి ఒరిగేదేమీ లేదు. అదే కాయను కోసి తుప్పు పట్టిన నట్టు మీద రుద్దితే పని చేస్తుంది. కాయ ఒకటే. ఒకచోట నమ్మకం, ఇంకొకచోట కారణం. ఈ తేడా నాకు పుస్తకాల్లో కంటే ఒక పాత సైకిలు దగ్గరే బాగా అర్థమైంది. ఆ సంగతే రాస్తున్నాను.

అండమాన్‌లో తెలుగువాళ్ళు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు. మా నాన్న కూడా అలాగే తాపీపనికి వచ్చారు. ఆయన కొన్న మొదటి ఆస్తి ఒక నల్లటి అట్లాస్ సైకిలు. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక బరువైన కేరేజీ. ఈ ఊళ్ళో ఎత్తుపల్లాలే ఎక్కువ. ఎత్తులో దిగి నెట్టుకుంటూ, పల్లంలో ఎక్కి కూచుని, ఆ సైకిలు మీదే మమ్మల్ని పెంచారు.

2004 డిసెంబరు 26 ఉదయం సముద్రం మా ఇంట్లోకి వచ్చింది. మేం పైకి పరుగెత్తి బతికాం. సైకిలు ఉప్పునీళ్ళలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక నాన్న దాన్ని తుడిచి, పెరట్లో గోడకు ఆనించారు. మళ్ళీ ఎక్కలేదు. 2007లో గుండెజబ్బుతో పోయారు.

ఇక మొదలైంది. "చావునీళ్ళు తాగిన ఇనుము, అది ఇంట్లో ఉండబట్టే" అన్నారు చుట్టాలు. వాస్తు చూసే ఒకాయన వచ్చి, పెరట్లో ఆ మూల పాడైన ఇనుము ఉంటే ఇంటి పెద్దకు కీడు అని చెప్పి, దక్షిణ తీసుకుని వెళ్ళాడు. పెద్ద అప్పటికే పోయాడు కదా, ఇక కీడు ఎవరికి? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మ నాతో అన్నది: "ఒరే బాబూ, ఆ ఇనుము గుమ్మంలో ఉంటే శనిని పీటేసి కూచోబెట్టినట్టేరా. పాత సామానువాడికి ఇచ్చెయ్యి."

నేను వాదించాను. భూమి పొరలగురించి చెప్పాను. భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దూరుతూ ఉంటుందని, శతాబ్దాలుగా పేరుకున్న ఒత్తిడి ఆ రోజు 9.1 తీవ్రతతో విడుదలైందని, దక్షిణ అండమాన్‌లో నేల మీటరు దాకా కుంగిందని, సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చింది అందుకేనని, సైకిలుకూ నాన్న గుండెకూ సంబంధం లేదని చెప్పాను. అమ్మ అంతా విన్నది. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు గాని, అది కనిపిస్తే నాకు భయంగా ఉంటాదిరా" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

హేతువాద మిత్రులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలని నా మనవి. మన సభల్లో బాబాల గుట్టు రట్టు చేస్తాం, నిప్పులమీద నడుస్తాం, నాలుకకు శూలం గుచ్చి చూపిస్తాం. ఇవన్నీ అవసరమే. కాని ఇంట్లో తుప్పు పట్టిన ఒక వస్తువును చూసి భయపడే మనిషికి ఉపన్యాసం పనిచేయదు. ఆ తుప్పు ఏమిటో, ఎందుకు పట్టిందో, ఎలా పోతుందో కళ్ళముందు చూపించాలి. నేను ఆ పని చాలా ఆలస్యంగా, 2022లో మొదలుపెట్టాను.

తుప్పు అంటే శని కాదు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు. ఉప్పు చేరితే నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి పని వేగంగా జరుగుతుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. చుట్టూ సముద్రం, ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన ఉన్న ఊళ్ళో ఇనుము బతకడమే కష్టం. అందుకే నేను మొదట చేసింది నూనె పూయడం కాదు. రెండు రోజులు మంచినీళ్ళతో కడిగాను. లోపలి ఉప్పు పోకుండా పైన నూనె పూస్తే జబ్బుమీద దుప్పటి కప్పినట్టే.

తర్వాత ఓవరాయిలింగ్. (ఇంగ్లీషు మాట వేరే అయినా, మన సైకిలుషాపులవాళ్ళు పెట్టుకున్న ఈ పేరే నాకు ఇష్టం.) చిన్న భాగాలను ఒక ప్లాస్టిక్ బకెట్‌లో వేసి విద్యుత్తుతో శుభ్రం చేశాను. లీటరు నీటికి ఒక చెంచా వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు. తుప్పు వస్తువుకు నెగెటివ్ తీగ, పనికిరాని ఇనుపముక్కకు పాజిటివ్ తీగ. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఒక రాత్రికి తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్షుకు ఊడివస్తుంది. నాలుగు జాగ్రత్తలు. ఇందులో హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. సోడా బదులు ఉప్పు వేస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. పాజిటివ్ తీగకు స్టెయిన్‌లెస్ స్టీలు తగిలిస్తే ప్రమాదకరమైన క్రోమియం లవణాలు నీళ్ళలో చేరుతాయి. అల్యూమినియం భాగాలను ఈ నీళ్ళలో వేయకూడదు, సోడా వాటిని తినేస్తుంది.

ఇంతవరకు నేను గొప్ప శాస్త్రీయ దృష్టి ఉన్నవాడినన్నట్టు రాశాను. ఇప్పుడు నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి.

ఎడమ పెడలు ఊడిరాలేదు. తుప్పు బిగిసిందనుకున్నాను. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి నట్లు బిగుసుకుపోతాయి, అది నిజమే. కిరసనాయిలు, ఇంజను నూనె కలిపి పోశాను. వేడి చేశాను. స్పానరుకు పైపు తగిలించి బలంగా తిప్పాను. రెండు రోజులు నానా పాట్లు పడ్డాను. మా మేనకోడలు, అప్పటికి ఎనిమిదో తరగతి, పక్కన నిలబడి "మావయ్యా, అటు తిప్పితే రావడంలేదు కదా, ఇటు తిప్పి చూడకూడదా?" అన్నది. తిప్పాను. కిర్రుమంటూ వచ్చేసింది. ఎడమ పెడలు మర ఎడమవైపు తిరుగుడు! రెండు రోజులు నేను దాన్ని బిగిస్తూ కూచున్నాను.

తప్పు తుప్పుది కాదు. నా ఊహను నేను పరీక్షించలేదు. ఫలితం రాకపోతే ఊహను మార్చాల్సింది పోయి, బలం పెంచాను. మొక్కు ఫలించకపోతే ఇంకా పెద్ద మొక్కు మొక్కే భక్తుడికీ, నాకూ తేడా ఏముంది?

మరి ఎడమ మర ఎందుకు పెట్టారు? బేరింగు రాపిడికి పెడలు ఊడిపోకుండా అని చాలామంది చెప్తారు. వినడానికి బాగుంది, కాని తప్పు. పాదం కింద పెడలు తిరగకుండా ఉంటుంది, క్రాంకు తిరుగుతుంది. ఆ రాపిడి వల్లనే అయితే ఇప్పుడున్న మరలు బిగుసుకోవు, వదులవుతాయి. అసలు కారణం వేరు. మరకూ రంధ్రానికీ మధ్య కొద్దిపాటి సందు ఉంటుంది. తొక్కేటప్పుడు బరువు ఆ సందులో చుట్టూ తిరుగుతుంది. ఆ తిరుగుడు ఇరుసును ఎదురుదిశలో కొంచెం కొంచెం దొర్లిస్తుంది. నమ్మకపోతే ఇప్పుడే చూడండి. పిడికిలిని వదులుగా బిగించి అందులో ఒక పెన్సిలు పెట్టండి. పెన్సిలు పైకొనను పట్టీపట్టనట్టు పట్టుకుని, పిడికిలి అంచులకు ఆనించి గుండ్రంగా తిప్పండి. మీ చేయి ఒకవైపు తిరిగితే పెన్సిలు తన చుట్టూ తాను రెండోవైపు దొర్లుతుంది. పైసా ఖర్చులేని ప్రయోగం. ఎంతో బాగా అనిపించే వివరణ కూడా తప్పు కావచ్చునని ఇంతకంటే సులువుగా చెప్పే పాఠం నాకు తెలియదు.

ఇంకో పరీక్ష మిగిలింది, అది కష్టమైనది. ముందు ఫోర్కు. పైకి రంగు ఉంది, అట్లాస్ గుర్తుకింద నాన్న చేత్తో రాయించుకున్న పేరు మసకగా ఉంది. దాన్ని మార్చకూడదని నా మనసు. అరవై ఏళ్ళ పాత ఇనుము గట్టిదని, ఇప్పటివన్నీ రేకులని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇది కూడా ఒక మూఢనమ్మకమే. విరిగిపోయిన పాత సైకిళ్ళన్నీ తుక్కులోకి పోయాయి, మిగిలినవే మన కంటికి కనిపిస్తున్నాయి, అందుకే పాతవన్నీ గట్టివనిపిస్తాయి. పైగా మాది అరవై ఏళ్ళది కానేకాదు. ఫోర్కు విప్పి, పైన క్రౌను దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచాను. లోపలికి దిగిపోయింది. ఉప్పునీళ్ళు లోపలినుంచి తినేశాయి.

దిగుడులో వెళ్తుండగా ఫోర్కు విరిగితే మనిషి మొహంమీద పడతాడు. దానికి నిమ్మకాయ అడ్డుపడదు, తండ్రి జ్ఞాపకమూ అడ్డుపడదు. మార్చేశాను. కొత్త ఫోర్కు, టైర్లు, గొలుసు, కాటరు పిన్నులు, వెనక చక్రానికి 40 ఊచలు తెప్పించాను. ముందు హబ్బులో 3/16 అంగుళాల బాల్స్, వెనక 1/4 అంగుళాల బాల్స్ కొత్తవి వేశాను. సరుకు ఓడలో రావాలి కాబట్టి మొత్తం ఖర్చు ఒక సెకండ్‌హ్యాండ్ సైకిలు ధర దాటింది. పాతది బాగుచేసుకుంటే డబ్బు ఆదా అని నేను చెప్పను. అది నా విషయంలో నిజం కాలేదు.

"ఇన్ని మార్చాక ఇది మీ నాన్న సైకిలేనా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఇనుములో ఆత్మ ఉందని నమ్మేవాడికి ఇది పెద్ద సమస్య. నాకు కాదు. నాన్న ఫోర్కులో లేరు. నాన్న జ్ఞాపకం ఉన్నది మా బుర్రల్లో. ఈ సంగతి తెలిసినవాడికి కుళ్ళిన భాగం తీసెయ్యడానికి చేయి వణకదు. పాత ఫోర్కును మాత్రం పారెయ్యలేదు, గోడకు కొట్టాను. అందులో శనీ లేడు, నాన్నా లేరు. అయినా అది నాకు ఇష్టం. ఇష్టానికీ నమ్మకానికీ ఉన్న తేడా తెలిస్తే చాలు.

అమ్మ సంగతి చెప్పాలి. మొదట్లో పెరటివైపు రాలేదు. బకెట్‌లో బుడగలు వస్తుంటే ఒకరోజు వచ్చి చూసింది. తుప్పు బ్రష్షుకు ఊడిపోయి కింద తెల్లటి ఇనుము బయటపడితే చేత్తో తడిమి, "ఇంతేనా?" అన్నది. నా పదిహేనేళ్ళ వాదన చేయలేని పని ఒక బకెట్ సోడానీళ్ళు చేశాయి. అమ్మ నాస్తికురాలు అయిపోయిందని అబద్ధం చెప్పను. ఆ ఏడు దసరాకు హేండిలుకు కుంకుమ బొట్టు పెట్టింది. నేను తుడవలేదు. కాని చక్రం కింద నిమ్మకాయ పెట్టబోతే మేనకోడలు లాక్కుని, "అమ్మమ్మా, ఇది నట్లకు కావాలి" అన్నది. అమ్మ నవ్వి ఇచ్చేసింది.

ఇప్పుడు ఆ సైకిలు ఆ పిల్లే తొక్కుతోంది. ఈ ద్వీపాల పిల్లలకు సైకిలు కొత్త కాదు. సునామీనుంచి బతికి బయటపడిన నికోబార్ అమ్మాయి దెబోరా హెరాల్డ్ దేశానికి పోటీపడింది. అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్ 2018 జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్‌లో రజతం తెచ్చాడు. మన పిల్లలంతా పతకాలు తేనక్కర్లేదు. తాము ఎక్కే బండి ఎలా నడుస్తుందో తెలుసుకుంటే చాలు. ముఖ్యంగా ఆడపిల్లలకు స్పానరు ఇవ్వండి. మన ఇళ్ళలో పూజగదిలో వత్తులు చేయడం నేర్పుతారు గాని, పంక్చరు వేయడం నేర్పరు.

శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని 51ఎ(హెచ్) అధికరణం చెప్తోంది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన ఈ మాటను మనం ప్రతి సభలోనూ వల్లిస్తాం. వల్లిస్తే అది కూడా మంత్రమే అవుతుంది. మీ ఇంటి వెనక కూడా ఒక పాత సైకిలు ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి లాగండి. పక్కింటి పిల్లల్ని పిలవండి. విప్పండి, ఎందుకు ఆగిపోయిందో వెతకండి. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. రాకపోతే బలం పెంచకండి, రెండోవైపు తిప్పి చూడండి.

నిమ్మకాయ మాత్రం దగ్గర ఉంచుకోండి. నట్లకు అక్కరకొస్తుంది. మిగిలింది నీళ్ళలో పిండుకుని తాగవచ్చు.